మెంటల్ జ్యువెలరీ: మదనపల్లె ఆలోచన, పెన్సిల్వేనియా రాక్

మెంటల్ జ్యువెలరీ అమెరికా రాక్ బృందం లైవ్ ఆ పేరుతో తెచ్చిన మొదటి పూర్తి ఆల్బం. రేడియోయాక్టివ్ రికార్డ్స్ సంస్థ 1991 డిసెంబరు 31న దీన్ని విడుదల చేసింది. ఇందులో 12 పాటలున్నాయి. టాకింగ్ హెడ్స్ బృందంలో గిటారు, కీబోర్డు వాయించిన జెర్రీ హారిసన్ దీనికి నిర్మాత. అప్పటికి బృందంలోని నలుగురూ ఇరవయ్యేళ్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న కుర్రవాళ్లు. రాక్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఈ ఆల్బం గురించి రెండు మాటలు చెప్పి ముందుకు సాగిపోతారు. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుస్తకాలు చదివిన కుర్రవాళ్లు ఆ వేడిలో చేసిన తొలి ప్రయత్నం ఇదనీ, అసలు లైవ్ మొదలయింది 1994 నాటి 'త్రోయింగ్ కాపర్'తోననీ అంటారు. ఆ రెండో ఆల్బం ఒక్క అమెరికాలోనే 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోవడంతో ఆ తీర్పు పాతుకుపోయింది. అది సరైన తీర్పు కాదన్నది ఈ వ్యాసం వాదన. లైవ్ ధ్వని ఎందుకు మారింది, ఎటువైపు మారింది అన్న ప్రశ్నలకు జవాబు మొదటి ఆల్బంలోనే ఉంది. ఒక ఆలోచనను పాటగా నిలబెట్టాలంటే వాద్యాలు ఏం చేయాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్న చిక్కు ఆ నలుగురికీ ఎదురైంది అక్కడే. తర్వాతి విజయం అదే చిక్కును మరో దారిలో విప్పడం వల్ల వచ్చింది.

ఆ ఆలోచన కృష్ణమూర్తిది, ఆయన పుట్టింది మన రాయలసీమ మెట్టనేల మీదే. రాయచోటి నుంచి గుర్రంకొండ మీదుగా వెళ్తే వచ్చే మదనపల్లెలో 1895 మే నెలలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. 1911లో ఆ జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె, రాయచోటి రెండూ కడప జిల్లాలోనివే. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి కావడంతో కుటుంబం బదిలీల వెంట తిరిగింది. కడపలో ఉన్నప్పుడే పసివాడికి మలేరియా పట్టుకుంది. 1905లో తల్లి సంజీవమ్మ కన్నుమూసిందీ కడపలోనే. 1909లో నారాయణయ్య పిల్లలను తీసుకుని మద్రాసులో అడయారు చేరారు. అక్కడ దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆ పిల్లవాడిలో రాబోయే జగద్గురువును చూడడం, 1911లో ఆయన చుట్టూ నక్షత్ర సంఘాన్ని కట్టడం, 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్ శిబిరంలో ఆయనే దాన్ని రద్దు చేయడం అందరికీ తెలిసిన చరిత్ర. 1986 ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఒహాయ్‌లో చనిపోయేదాకా ఆయన చెప్పిన సంగతి ఒక్కటే. సత్యానికి గురువూ గ్రంథమూ సంస్థా సంప్రదాయమూ దారి చూపలేవు. ఎవరి మనసును వారే, ముందే కట్టుకున్న అభిప్రాయాలు లేకుండా గమనించుకోవాలి. లోకంలో కనిపించే హింస మన లోపలి హింస నుంచి వేరు కాదు. మదనపల్లెకు పాటతో మరో చుట్టరికం కూడా ఉంది. 1919లో అక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడే రవీంద్రనాథ్ ఠాగూరు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చారు, మార్గరెట్ కజిన్స్ దాని వరుసను స్వరాలుగా రాసి పెట్టారు.

లైవ్ పుట్టిన ఊరు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని యార్క్. ఫ్యాక్టరీల మీద బతికిన ఊరు అది. 1990 నాటికి జనాభా నలభై వేల పైచిలుకు. పాటగాడు ఎడ్ కొవాల్‌చిక్, గిటారిస్టు చాడ్ టేలర్, బేస్ గిటార్ వాయించే ప్యాట్రిక్ డాల్‌హైమర్, డ్రమ్మర్ చాడ్ గ్రేసీ బడి రోజుల నుంచీ కలిసి వాయించారు. మొదట ఫస్ట్ ఎయిడ్, తర్వాత పబ్లిక్ అఫెక్షన్ అని పేర్లు మార్చుకుంటూ వచ్చారు. 1989లో 'ది డెత్ ఆఫ్ ఎ డిక్షనరీ' అనే క్యాసెట్‌ను సొంతంగా తెచ్చారు. అదే ఏడాది హైస్కూలు చదువు ముగిసింది, కాలేజీని పక్కన పెట్టి సంగీతాన్నే పట్టుకున్నారు. న్యూయార్క్‌లోని సీబీజీబీ క్లబ్బులో వాయించడం వీళ్లకు రెండో బడి అయింది. 1991లో రేడియోయాక్టివ్ సంస్థ ఒప్పందం చేసుకుంది, పేరు లైవ్‌గా మారింది, జెర్రీ హారిసన్ చేతుల మీదుగా ముందు 'ఫోర్ సాంగ్స్' అనే చిన్న రికార్డు, ఆ వెంటనే మెంటల్ జ్యువెలరీ వచ్చాయి. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఆల్బం నాటికి వీళ్లు కుర్రవాళ్లే కానీ బృందంగా కొత్తవాళ్లు కాదు. ఒకరి చేయి ఎక్కడ పడుతుందో మరొకరికి తెలిసినంత కాలం కలిసి వాయించినవాళ్లు. ఆల్బంలో కనిపించే పొదుపు చేతకానితనం వల్ల వచ్చింది కాదని చెప్పడానికి ఇదే మొదటి ఆధారం.

కృష్ణమూర్తి ప్రభావాన్ని బృందం ఎప్పుడూ దాచుకోలేదు. ఆల్బంలోని 'యూ ఆర్ ది వరల్డ్' పాట పేరు 1972లో వచ్చిన కృష్ణమూర్తి పుస్తకం పేరే. బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్, బ్రాండైస్ వంటి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆయన 1960ల చివర విద్యార్థులతో చేసిన ప్రసంగాల సంపుటి అది. వియత్నాం యుద్ధ కాలపు విద్యార్థుల కోసం మాట్లాడిన మాటలు ఇరవయ్యేళ్ల తర్వాత, గల్ఫ్ యుద్ధం జరిగిన ఏడాదిలో, యార్క్ కుర్రవాళ్లకు తగిలాయి. మిగతా పాటల పేర్లు వరుసగా చదివినా చాలు. 'ఆపరేషన్ స్పిరిట్'కు ఉపశీర్షిక సంప్రదాయపు నిరంకుశత్వం గురించి. 'టైర్డ్ ఆఫ్ మి'లో 'నేను' అన్నది మోయలేని బరువు. 'మిర్రర్ సాంగ్'లో అద్దం, అంటే కృష్ణమూర్తి ప్రసంగాల్లో పదేపదే వచ్చే ఉపమానం. '10,000 ఇయర్స్'కు ఉపశీర్షిక శాంతి ఇప్పుడే అని. వేల ఏళ్లుగా రేపు వస్తుందని ఎదురుచూసిన శాంతి రేపటిది కాదన్నది ఆయన బోధలో గట్టి ముడి. రాక్ సంగీతంలో ఒక తాత్వికుడి ఆలోచన ఇంత నేరుగా, ఆల్బం పొడవునా పరుచుకోవడం అరుదు. వాన్ మారిసన్ 1986లో తెచ్చిన 'నో గురు, నో మెథడ్, నో టీచర్' ఆల్బం పేరులో ఇదే ఆలోచన నీడ కనిపిస్తుంది గానీ, అక్కడ అది పేరుతోనూ ఒక పాటతోనూ ఆగింది.

భారతదేశం రాక్ సంగీతంలోకి అంతకుముందు మరో దారిలో వచ్చింది. 1965లో బీటిల్స్ 'నార్వేజియన్ వుడ్' పాటలో జార్జ్ హారిసన్ సితారు మీటారు. 1966లో 'లవ్ యు టు' పాటకు అనిల్ భగవత్ తబలా వాయించారు. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ 'పెయింట్ ఇట్ బ్లాక్'లోనూ సితారు మోగింది. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ రిషికేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వెళ్లారు. వాద్యం, రాగం, ఆశ్రమం, గురువు: ఆనాటి రాక్ బృందాలకు భారతదేశం అంటే ఇవే. మెంటల్ జ్యువెలరీలో సితారు లేదు, తబలా లేదు, సంస్కృత మంత్రం లేదు, గురువు బొమ్మ లేదు. పాటల వెనక ఎవరి ఆలోచన ఉందో తెలియని శ్రోతకు ఆల్బం మొత్తంలో భారతీయమైన శబ్దం ఒక్కటీ వినిపించదు. నా దృష్టిలో కృష్ణమూర్తికి దగ్గరగా రావడం అంటే ఇదే. గురువులనూ క్రియాకాండనూ దేశపు గుర్తులనూ పక్కన పెట్టమన్న మనిషి ఆలోచనను సితారుతో అలంకరిస్తే ఆ ఆలోచనే చెడిపోయేది. లైవ్ తమ ఊరి ధ్వనితోనే, తమ చేతిలో ఉన్న నాలుగు వాద్యాలతోనే పాడారు. ప్రభావాన్ని కొలవడానికి శబ్దంలో భారతీయతను వెతికే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ ఆల్బం విషయంలో ఆ కొలబద్ద పనికిరాదు.

మరి ఆలోచన శబ్దంలో ఎక్కడ కనిపిస్తుంది? మొదటి పాట 'పెయిన్ లైస్ ఆన్ ది రివర్‌సైడ్'ను దగ్గరగా విందాం. పాటను నడిపించేది గిటారు కాదు. డాల్‌హైమర్ బేస్ గిటార్ తీగలను వేళ్లతో కొట్టి లాగుతూ వాయిస్తాడు. ప్రతి స్వరం గుండ్రంగా సాగకుండా తెగి, దరువులా పడుతుంది. గ్రేసీ డ్రమ్స్ ఆ దరువుకు జవాబు చెబుతాయి. టేలర్ గిటారు మధ్యలో వచ్చి, గీత గీసినట్టు ఒక్క వరుస వేసి తప్పుకుంటుంది. ఆనాటి రాక్ పాటల్లో గోడలా నిలబడే గిటారు శబ్దం ఇక్కడ లేదు. అందువల్ల పాట మధ్యలో చాలా ఖాళీ జాగా మిగులుతుంది. ఆ జాగా అంతా కొవాల్‌చిక్ గొంతుది. అతని మాటలు చాలా ఎక్కువ, చరణాలు పొడవైనవి, ఒక్కోసారి పాడుతున్నాడో వాదిస్తున్నాడో తెలియని వేగంతో సాగుతాయి. మాటే ముఖ్యం అనుకున్న బృందం శబ్దాన్ని మాట చుట్టూ ఎలా అమర్చిందో ఇక్కడ స్పష్టంగా వినిపిస్తుంది. లయ వినేవాణ్ణి కదిలిస్తూ ఉండాలి, లేకపోతే పాట ఉపన్యాసం అయిపోతుంది. గిటారు పక్కకు తొలగి ఉండాలి, లేకపోతే మాట మునిగిపోతుంది. బేస్, డ్రమ్స్ ముందుకు, గిటారు వెనక్కి అన్న ఈ అమరిక ఆల్బంలో చాలా పాటలకు ఉంది. ఇది ఆలోచనలోంచి పుట్టిన ధ్వని.

'ఆపరేషన్ స్పిరిట్' ఇదే పద్ధతిలో ఇంకొంచెం సూటిగా, పాడుకోదగ్గ పల్లవితో సాగుతుంది. బిల్‌బోర్డ్ మోడరన్ రాక్ పట్టికలో 9వ స్థానం దాకా వెళ్లింది అందుకే కావచ్చు. ఆల్బంలో నాకు అన్నిటికన్నా విలువైన పాట మాత్రం 'ది బ్యూటీ ఆఫ్ గ్రే'. మంచీ చెడూ, నువ్వూ నేనూ అని గీతలు గీసుకునే బుద్ధిని ప్రశ్నించే పాట అది. సంగీతం కూడా ఆ ప్రశ్నకు తగ్గట్టే ఉంటుంది. బేస్ దరువు తగ్గుతుంది, గిటారు మెత్తగా, నిలకడగా సాగుతుంది, గొంతు వాదన మానేసి వరుసను నమ్ముకుంటుంది. రెండో ఆల్బంలో వినిపించబోయే లైవ్ ఇక్కడ మొదటిసారి తల ఎత్తి చూస్తుంది. దీర్ఘకాలం బృందం కచేరీల్లో నిలిచిన పాటల్లో ఇదీ ఒకటి. దీనికి భిన్నంగా 'టేక్ మై యాంథమ్', 'బ్రదర్స్ అన్‌అవేర్', 'గుడ్ పెయిన్' వంటివి ఒకే మాటను వేర్వేరు వరుసల్లో చెప్పినట్టు ఉంటాయి. ఆల్బం రెండో సగం మొదటి సగమంత బలమైనది కాదని ఒప్పుకోవాలి.

ఆలోచననే పాటగా కట్టడం రాయలసీమ శ్రోతకు వింత కాదు. రాయచోటి చుట్టుపక్కల నేల మీదే దీనికి పాత సాక్ష్యాలున్నాయి. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి మఠం ఉంది. రాతిని మొక్కడాన్నీ కులాన్నీ కపట గురువులనూ నిలదీసిన పద్యాలు, తత్త్వాలు ఇక్కడ శతాబ్దాలుగా జనం నోట్లో నలిగాయి. తత్త్వం పాడే తీరు గమనిస్తే అసలు సంగతి తెలుస్తుంది. తంబుర ఒకటే శ్రుతి పట్టి ఉంచుతుంది. చిడతలు, తాళాలు లయను వదలవు. గమకాల విస్తారం, స్వరకల్పన ఉండవు. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, చరణంలో మాట విడిగా, తేటగా వినబడుతుంది. మాట ముఖ్యమైనప్పుడు సంగీతం తనను తాను తగ్గించుకుంటుందన్న సూత్రం ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. లైవ్ బృందానికి తత్త్వాల సంగతి తెలుసనే ఆధారం ఏమీ లేదు, ఆ సంబంధం కట్టడం నా ఉద్దేశమూ కాదు. ఒకే అవసరం రెండు చోట్ల, రెండు కాలాల్లో ఒకే రకమైన పొదుపును పుట్టించిందని మాత్రం చెప్పవచ్చు. పాశ్చాత్య విమర్శకుడికి లోపంగా తోచిన గుణాన్ని గుణంగానే వినగలిగే చెవి మనకు ఉంది.

ఆ విమర్శ ఏమిటో, అందులో ఎంత నిజముందో కూడా చూడాలి. మెంటల్ జ్యువెలరీ మీద మొదటి నుంచీ ఉన్న అభ్యంతరం, ఇది బోధిస్తుందని. ఇరవయ్యేళ్ల కుర్రవాడు లోకానికి నీతి చెబుతున్నాడని. ఈ అభ్యంతరం పూర్తిగా తోసిపుచ్చదగ్గది కాదు. కృష్ణమూర్తి ప్రసంగంలో నిర్ణయాలకన్నా ప్రశ్నలు ఎక్కువ. ఆయన వినేవాళ్లను వెంట తీసుకుని మెల్లగా నడుస్తారు, జవాబు దగ్గరికి వచ్చి ఆగిపోతారు. కొవాల్‌చిక్ చాలా పాటల్లో ఆ నడకను వదిలేసి చివరి మెట్టు మీద నుంచి కేక వేస్తాడు. గురువు వద్దన్న ఆలోచన గురువు గొంతులో వినిపించడం ఆల్బంలోని అసలు బలహీనత. అయితే ఈ బలహీనతకు కారణం వయసు ఒక్కటే అనుకోవడం తొందరపాటు. పాట నాలుగు నిమిషాల్లో ముగియాలి. ప్రసంగానికి గంటన్నర ఉంటుంది. ప్రశ్నను అంత సేపు తెరిచి ఉంచే వీలు పాటకు లేదు. ఆలోచనను ఆలోచనగానే చెప్పబోతే నాలుగు నిమిషాల్లో అది తీర్పు అయిపోతుంది. కాబట్టి ఇది రూపానికి సంబంధించిన చిక్కు. ఇరవయ్యేళ్ల వయసులో ఆ చిక్కులోకి కావాలని దిగినవాళ్లను అమాయకులని కొట్టిపారేయడం అన్యాయం. అంతకన్నా ముఖ్యంగా, ఆ చిక్కు ఉందని బృందానికి కూడా తెలిసిందని తర్వాతి ఆల్బం చెబుతుంది.

'త్రోయింగ్ కాపర్' 1994 ఏప్రిల్ 26న వచ్చింది. మిన్నెసోటాలోని ప్యాకిడెర్మ్ స్టూడియోలో, మళ్లీ జెర్రీ హారిసన్ నిర్మాణంలోనే రికార్డు చేశారు. ఏడాది పాటు మెల్లగా పైకి పాకి 1995 మేలో బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానం చేరింది. మొదటి ఆల్బం ఆ పట్టికలో 73 దగ్గర ఆగింది. ధ్వని మారిందని మొదటి పాటలోనే తెలుస్తుంది. బేస్ దరువు వెనక్కి వెళ్లి గిటారు ముందుకు వచ్చింది. చరణం గుసగుసగా మొదలై పల్లవిలో శబ్దం ఒక్కసారి విరుచుకుపడుతుంది. 'ఐ అలోన్', 'సెల్లింగ్ ది డ్రామా' రెండూ ఈ అచ్చులోవే. కానీ మార్పు వాద్యాల బరువులోనే ఉందనుకుంటే సగమే విన్నట్టు. 'లైట్నింగ్ క్రాషెస్' తీసుకుందాం. అయిదు నిమిషాలు దాటిన పాట. ఆస్పత్రిలో ఒక బిడ్డ పుడుతుంది, ఒక ముసలి తల్లి ప్రాణం పోతుంది. ప్రాణం ఒకటే అన్న వాక్యం అందులో లేదు. అర్థం ఏమిటో పాట చెప్పదు. గిటారు తీగలు ఒక్కొక్కటిగా మోగుతూ చాలాసేపు డ్రమ్స్ లేకుండా సాగుతాయి. ఆ తర్వాత బేస్, డ్రమ్స్ ఒకదాని మీద ఒకటి చేరుతూ, చివర గొంతు మాటలు వదిలి కేకలోకి పోతుంది. పుట్టుకా చావూ ఒకే చోట జరుగుతున్నాయన్న సంగతి వినేవాడికి తానే తోస్తుంది. మొదటి ఆల్బం వాక్యంగా చెప్పినదాన్ని ఈ పాట దృశ్యంగా చూపించింది. మాట తగ్గింది కాబట్టి సంగీతానికి జాగా దొరికింది. గిటారు పెరగడానికి అసలు కారణం అదే. మోడరన్ రాక్, మెయిన్‌స్ట్రీమ్ రాక్ పట్టికలు రెండింటిలోనూ ఈ పాట మొదటి స్థానానికి వెళ్లింది.

ఇక్కడ గట్టి ప్రశ్న ఒకటి వస్తుంది. ఇదంతా మార్కెట్ చేసిన మార్పు కాదా అని. మెంటల్ జ్యువెలరీకి నాలుగు నెలల ముందు పెర్ల్ జామ్ 'టెన్', మూడు నెలల ముందు నిర్వాణా 'నెవర్‌మైండ్' వచ్చాయి. 1992 గడిచేసరికి మెల్లగా మొదలై పల్లవిలో పేలే పాట అమెరికా రేడియోకు అలవాటయిపోయింది. లైవ్ ఆ గాలికి వంగారని చాలామంది రాశారు. గాలి తగలలేదని ఎవరూ అనలేరు. ఎంటీవీ నడిపిన 120 మినిట్స్ కచేరీ యాత్రలో 1992లో వీళ్లూ వాయించారు, పెద్ద వేదికల మీద ఏ పాట జనాన్ని అందుకుంటుందో అనుభవంతో తెలుసుకున్నారు. కానీ గాలి ఒక్కటే కారణమైతే రెండు సంగతులకు జవాబు దొరకదు. మొదటిది, 'ది బ్యూటీ ఆఫ్ గ్రే' లాంటి పాటలో ఆ మార్పు బీజం 1991లోనే ఉంది, పెర్ల్ జామ్, నిర్వాణాల సియాటిల్ ధ్వని దేశాన్ని కమ్మేయడానికి ముందే. రెండోది, కాలాన్ని అనుకరించిన బృందం ఆ కాలపు విషయాలనూ పట్టుకుంటుంది. నిర్వాణా పాటల్లోని వెక్కిరింత, తన మీద తనకే ఉండే విసుగు లైవ్ పాటల్లో కనిపించవు. పుట్టుక, చావు, భయం, ప్రేమ అనే పెద్ద మాటలను సిగ్గుపడకుండా పట్టుకునే ఆ గంభీరత మొదటి ఆల్బం నుంచి వచ్చినది. పెద్ద ధ్వని కాలం ఇచ్చింది, దాన్ని నింపిన సరుకు వాళ్లదే.

మార్పు ఘనత నిర్మాతదే అనే వాదనకు జవాబు ఇంకా తేలిక. టాకింగ్ హెడ్స్ 1980లో చేసిన 'రిమైన్ ఇన్ లైట్'లో ఒకదానిలో ఒకటి అల్లుకున్న లయలతో పని చేసిన హారిసన్, మెంటల్ జ్యువెలరీలో బేస్, డ్రమ్స్ పట్టుకు సాయపడి ఉంటారని ఊహించడం సబబే. కానీ రెండు ఆల్బంలకూ ఆయనే నిర్మాత. నిర్మాత ఒకరే అయినప్పుడు ధ్వని తేడాకు కారణాన్ని వాయించేవాళ్లలోనూ వాళ్లు రాసుకున్న పాటల్లోనూ వెతకాలి.

1997లో వచ్చిన 'సీక్రెట్ సమాధి' నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. ఈసారి హారిసన్ లేరు. బృందమే జే హీలీతో కలిసి నిర్మించుకుంది. ధ్వని ఇంకా బరువెక్కింది, చీకటి చిక్కబడింది. 'లాకినీస్ జ్యూస్' పాటలో గిటారు వెంట తీగవాద్యాలు కూడా చేరాయి. ఇక్కడ గమనించవలసిన తిరుగుడు ఒకటుంది. సమాధి అన్న మాట, లాకిని అన్న తాంత్రిక దేవత పేరు ఆల్బంలోకి రావడం ఇప్పుడే. భారతీయమైన పేర్లు ముందుకు వచ్చేసరికి కృష్ణమూర్తి ఆలోచన వెనక్కి వెళ్లిపోయింది. ఆయన ఏ సంప్రదాయపు పారిభాషిక పదాలనూ దగ్గరికి రానీయని మనిషి. పాటలు మరీ గుహ్యంగా మారి, చూపించడమూ చెప్పడమూ రెండూ వదిలేసి సూచనలతో సరిపెట్టుకున్నాయి. 1999లో హారిసన్ మళ్లీ తోడుగా వచ్చిన 'ది డిస్టెన్స్ టు హియర్', 2001లో 'వి', 2003లో 'బర్డ్స్ ఆఫ్ ప్రే' వచ్చాయి. వాటిలో మంచి పాటలు లేకపోలేదు, పోనుపోను మెరుగు పెరిగి పదును తగ్గింది. 2009లో కొవాల్‌చిక్ బృందం నుంచి బయటికి వచ్చాడు. 2010లో కొవాల్‌చిక్ ఒంటరిగా చేసిన 'అలైవ్' ఆల్బంలో క్రైస్తవ విశ్వాసం బాహాటంగా ఉంది. సంప్రదాయపు నిరంకుశత్వం గురించి పాడినవాడు ఒక సంప్రదాయంలోకే తిరిగి వెళ్లాడని దీన్ని ఎత్తిచూపేవాళ్లున్నారు. ఎవరి దారి వారిది. అతని తర్వాతి నమ్మకం 1991 నాటి పాటల నిజాయితీని రద్దు చేయదు. 2016 చివర పాత నలుగురూ మళ్లీ కలిశారు, 2022 నాటికి పాతవాళ్లలో కొవాల్‌చిక్ ఒక్కడే మిగిలాడు.

చివరి అభ్యంతరం మన వైపు నుంచి రావలసింది. పెన్సిల్వేనియా పాటకూ మదనపల్లెకూ ముడి పెట్టడం ఊరి అభిమానం కాదా? కృష్ణమూర్తి పదమూడేళ్ల ప్రాయంలోనే ఈ సీమను విడిచారు. పెద్దయ్యాక తెలుగు మరిచిపోయారు. ఇంగ్లీషులోనే మాట్లాడారు. ఏ దేశానికీ ఏ మతానికీ చెందనని గట్టిగా చెప్పారు. లైవ్ కుర్రవాళ్లను చేరింది పుస్తకం, ఊరు కాదు. ఇవన్నీ నిజమే. అందుకే ఈ ఆల్బంలో రాయలసీమ ఉందని ఈ వ్యాసం అనదు. అయితే ఆయన తిరిగి రాలేదన్నదీ నిజం కాదు. మదనపల్లెకు కొద్ది దూరంలో ఋషి వ్యాలీ పాఠశాల ఆయన చొరవతోనే ఏర్పడింది. ఏళ్ల తరబడి చలికాలాల్లో ఆయన అక్కడికి వచ్చి పిల్లలతో, ఉపాధ్యాయులతో మాట్లాడారు. ఆలోచన ఊరికి సొంతం కాకపోవచ్చు, దాన్ని చదువుకునే బాధ్యత ఊరికి ఉంటుంది. కృష్ణమూర్తి గురించి తెలుగులో చాలా రాశారు. విద్య మీద, ధ్యానం మీద, దివ్యజ్ఞాన సమాజంతో తెగతెంపుల మీద పుస్తకాలున్నాయి. ఆయన మాట పాటగా ఎంత దూరం వెళ్లిందన్న అధ్యాయం మాత్రం ఆ పుస్తకాల్లో దాదాపు కనిపించదు.

2017లో మెంటల్ జ్యువెలరీకి ఇరవై అయిదేళ్ల ప్రత్యేక సంచిక వచ్చింది. 12 పాటలూ ఇప్పుడు ఏ ఫోనులోనైనా దొరుకుతాయి. వినదలచినవారు 'త్రోయింగ్ కాపర్'తో మొదలుపెట్టకండి. ముందు 'పెయిన్ లైస్ ఆన్ ది రివర్‌సైడ్', ఆ తర్వాత 'ది బ్యూటీ ఆఫ్ గ్రే', ఆ పైన 'లైట్నింగ్ క్రాషెస్' ఈ వరుసలో వినండి. మొదటిదానిలో బేస్ గిటార్‌ను, మూడోదానిలో డ్రమ్స్ ఎంత ఆలస్యంగా వస్తాయో ప్రత్యేకంగా గమనించండి.